కేక కోసం వత్సవాయి దాకా

ముందు ప్రమాణం చేసేస్తా. మా ఊరి అమ్మవారి మీద, తణుకులో నా పైపులూ కొళాయిల కొట్టు మీద, యాభై రెండేళ్లొచ్చినా ఊడకుండా నిలబడ్డ ఇరవై తొమ్మిది పళ్ల మీద ఒట్టేసి చెప్తున్నా: ఈ కింద రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదు. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలెడతారు. వాళ్లని పట్టించుకోకండి. మీరు నన్నెరగరు కాబట్టి మీకోసమే రాస్తున్నా.

మా అక్క కూతురు హేమ హైదరాబాద్‌లో సినిమాలకి పనిచేస్తుంది. నటించదు, పాడదు. చప్పుళ్లు చేస్తుంది. తెర మీద హీరో నడిచొస్తుంటే మనకి వినపడే అడుగులు హీరోవి కావట. ఎక్కడో గదిలో ఇంకెవరో చెప్పులేసుకుని నడుస్తారట. తలుపు కిర్రుమనడం, గ్లాసు బల్ల మీద పెట్టడం, ఆఖరికి చీర కుచ్చిళ్లు సర్దుకోవడం కూడా తర్వాత తయారుచేసి అతికించేదేనట. ఇన్నేళ్లూ కోతలు కొయ్యడంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. వాళ్లు అబద్ధానికి జీతాలు కూడా తీసుకుంటారని తెలిశాక ఆ పిల్ల మీద గౌరవం పెరిగిపోయింది.

అక్టోబరు చివర్లో ఫోన్ చేసింది. "మావయ్యా, మూడు రోజులు కారూ నువ్వూ కావాలి."

"కారంటే సరే. నేనెందుకే?"

"నేను మైకు తీస్తే జనం బిగుసుకుపోతారు. నువ్వు నీ కోతలు కోస్తూ ఉంటే నన్ను మర్చిపోతారు. కానీ నేను చెయ్యెత్తానంటే నోరు మూసెయ్యాలి. ఒట్టెయ్."

వేశా. నా ఒట్లకి మా ఇంట్లో అంత విలువుందని అప్పుడే తెలిసింది.

సంగతేమిటంటే, హేమ సొంతంగా శబ్దం బాధ్యత తీసుకున్న మొదటి సినిమా ఇది. తీసింది వత్సవాయి పక్క పల్లెలో. అందులో కూలి పనికెళ్లే ఒకావిడ భర్త పోయాక ఇంట్లోంచి కదలదు. ఓ తెల్లారుజామున వీధిలో కూలీల ముఠా మేస్త్రి పనికి పిలిచే కేక వినపడుతుంది. ఆవిడ వింటుంది, లేస్తుంది, క్యారేజీ సర్దుకుంటుంది. అంతే సీను, మాటల్లేవు. ఆ కేకని హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ ఆర్టిస్టు చేత వేయిస్తే, మేడమీదావిడ ఆటోవాణ్ణి పిలిచినట్టొచ్చింది. డైరెక్టర్‌కి విసుగొచ్చి, "శనివారం సాయంత్రానికి అసలు కేక తెస్తే సరే, లేకపోతే అక్కడ వయొలిన్లు పెట్టేస్తా" అన్నాడట.

"పెట్టనీవే. వయొలిన్లు బావుంటాయి కదా" అన్నా.

"వయొలిన్ మొదలైతే ఇక్కడ ఏడవండి అని జనానికి చెప్పినట్టే మావయ్యా. ఆవిడ లేస్తుందో లేదో తెలీకుండా మనం కూచోవాలి. అక్కడ ఎవరూ ఏమీ చెప్పకూడదు."

అలా గురువారం పొద్దున్నే బయల్దేరాం.

కంచికచర్ల: ఫ్రిజ్‌లో తాళంచెవి

విజయవాడ దాటాక టిఫిన్‌కి ఆగాం. పెనం మీద అట్టు పోసిన 'చుంయ్' కావాలంది హేమ. ఆ మూల కూల్‌డ్రింకుల ఫ్రిజ్ గురకపెడుతోంది. మనకి వినపడదు గానీ మైకుకి అదే వినపడుతుందట.

"ఒక్క పది నిమిషాలు ఫ్రిజ్ ఆపుతారాండీ?" అని అడిగింది.

"మళ్లీ వెయ్యడం మర్చిపోయి మీరెళ్లిపోతే నా సరుకేం గావాలమ్మా?" అన్నాడు హోటలాయన.

హేమ నా చేతిలోంచి కారు తాళంచెవి లాక్కుని ఫ్రిజ్‌లో, సోడాల మధ్య పెట్టేసింది. వీళ్ల వృత్తిలో ఇదో ఆచారమట. తాళం అందులో ఉంటే ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఎవరూ బయల్దేరలేరు, తీస్తే స్విచ్ గుర్తొస్తుంది. ఎంత తెలివి! నేను హోటలాయనకి మా తణుకులో కొబ్బరి చట్నీ ఎంత చిక్కగా ఉంటుందంటే దాంతో గోడ కట్టొచ్చని చెప్తూ కూచున్నా. ఆమె పది అట్లు రికార్డు చేసింది. అవన్నీ నేనే తిన్నా.

అయితే హోటలాయన మర్యాదస్తుడు. మాకు చెప్పకుండా తనే ఫ్రిజ్ ఆన్ చేసేశాడు. పనైపోయిందని మేం, తాళం ఎక్కడ పెట్టామో మర్చిపోయి, కారు దగ్గరికెళ్లి తాళం కోసం జేబులు, సంచులు, సీట్ల కిందా వెతికాం. నేను సాంబారు బకెట్లో కూడా గరిటె పెట్టి చూశా. ఆఖరికి సోడా అడిగిన లారీ డ్రైవరొకాయన, "ఏందండీ ఇది, సోడాతో పాటు కారు కూడా ఇస్తన్నారా?" అని తెచ్చిచ్చాడు. తాళం ఎంత చల్లబడిందంటే కారు స్టార్టయ్యేముందు ఒకసారి వణికింది.

నందిగామ: వినిపించే చెప్పులు

సినిమాలో ఆవిడ నడకకి చెప్పులు కావాలి. బజార్లో ఒక చెప్పుల కొట్లోకెళ్లాం.

"ఏ సైజమ్మా?" అన్నాడు కొట్టాయన, లేచి నిలబడి.

"సైజు ఏదైనా ఫరవాలేదండీ. చప్పుడు బావుండాలి."

కొట్టాయన నా వంక చూశాడు. ఆవిడకి బానే ఉందా అన్నట్టు. నేను గంభీరంగా తలూపా. హేమ ఒక్కో జతా తీసుకుని కళ్లు మూసుకుని నేల మీద కొట్టి చూసింది. తొడుక్కుని నాలుగడుగులేసింది. "ఇది పెళ్లికెళ్తోంది. ఇది ఆఫీసుకెళ్తోంది. ఇది అసలు ఎక్కడికీ వెళ్లలేదు, పాపం" అంటూ పక్కన పెట్టేస్తోంది. పదిహేను జతలయ్యేసరికి కొట్టాయనకి పౌరుషమొచ్చింది. తనే కళ్లు మూసుకుని వినడం మొదలెట్టాడు.

"పొలమెళ్లే మనిషివి కావాలంతేగా? కొత్తవాటికి రాదమ్మా అది. మడమ దగ్గర అరగాలి" అని, తన కాళ్లకున్న హవాయి చెప్పులు విడిచి నడిచి చూపించాడు. టప్, సర్ర్. టప్, సర్ర్. హేమ మొహం వెలిగిపోయింది.

బేరం చిత్రంగా నడిచింది. ఆమె పాతవాటికి కొత్తవాటి రేటిస్తానంటుంది, ఆయన వద్దంటాడు. చివరికి ఆయనకి ఆయన కొట్లోదే ఒక కొత్త జత మేం కొనిపెట్టి, పాతవి మేం తెచ్చుకున్నాం. మా వైపు చెప్పులు పోతే శని వదిలిందంటారు. నందిగామలో సినిమాకెళ్లాయంటారు.

జగ్గయ్యపేట: బజ్జీ మహత్యం

సాయంత్రానికి జగ్గయ్యపేట చేరి లాడ్జీలో దిగాం. తెలంగాణ పక్కనే కాబట్టి భాష ఒక కొట్టుకీ ఇంకో కొట్టుకీ మారిపోతుంది. పళ్లబండి ఆయన "ఏం కావాలండీ" అంటే, పక్కన బజ్జీల ఆయన "ఏం గావాలె సార్, మంచిగుంటయ్" అన్నాడు. నాలుగు తిన్నా. మా గోదావరి జిల్లాలో బజ్జీ అంటే మిరపకాయకి పిండి దుప్పటి కప్పి జోకొట్టడం. ఇక్కడ మిరపకాయని నిద్ర లేపి మన మీదకి వదుల్తారు. మొదటి బజ్జీకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. మూడో బజ్జీకి నా చెవుల్లోంచి సన్నగా ఈల వినపడింది. హేమ దాన్ని రికార్డు చేసుకుని ప్రెషర్ కుక్కర్‌కి వాడతానంది.

ముక్త్యాల: నోరెత్తని ఏరు

శుక్రవారం పొద్దున కృష్ణ ఒడ్డుకెళ్లాం. సిమెంటు లారీలు వెనక రోడ్డు మీద వరసగా పోతున్నాయి. ఒడ్డున ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. హేమ చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని పది నిమిషాలు నిలబడింది. నాకేం వినపడలేదు.

"ఏదీ గలగల? సినిమాల్లో ఏరు గలగలమంటుందిగా" అన్నా.

"అది తొట్టిలో చెయ్యి పెట్టి కలిపేది మావయ్యా."

పెద్దాయన దారం కొరికి, "ఏరు సప్పుడు సేస్తే మేం ఇక్కడుంటామా బాబూ, బిడ్డల్నెత్తుకుని గట్టెక్కమూ?" అన్నాడు. నేను మా గోదావరి ఎంత వాగుడుకాయో చెప్పబోయా. హేమ చెయ్యెత్తింది. మూసేశా. చూశారా, నాకు మూసెయ్యడం వచ్చు.

వత్సవాయి: సువార్తమ్మ వీధి

అసలు పని ఇక్కడే. వత్సవాయి దాటాక ఒక ఊళ్లో, చర్చి వీధిలో ఉంటుంది సువార్తమ్మ. నలభై మంది ఆడకూలీల ముఠాకి మేస్త్రి. పత్తి తియ్యాలన్నా కలుపు తియ్యాలన్నా రైతులు ముందు ఆవిడకే ఫోన్ చేస్తారు. తెల్లారుజామున ఆవిడ వీధిలోకొచ్చి కేకేస్తుంది. ఒక్కో మేస్త్రిది ఒక్కో కేక. అది వినే ఎవరి ముఠావాళ్లు వాళ్ల ట్రాక్టరెక్కుతారు.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నం నాలుగు. ఆవిడ ఇంట్లో లేదు. పక్కింటావిడకి మాకేం కావాలో అర్థం కావడం లేదని, హేమ చిన్న స్పీకర్ తీసి హైదరాబాద్ ఆర్టిస్టు కేక వినిపించింది. నేనే పక్కనుంచి, "సౌండ్ పెంచవే, పెద్దావిడకి వినపడొద్దూ" అని సలహా ఇచ్చా.

పెంచింది. అంతే, ఇళ్లల్లోంచి ఆడవాళ్లు బిలబిలమంటూ బయటికొచ్చారు.

"ఎవరే అది? మన వీధిలో కొత్త మేస్త్రి ఎవరే?"

"ఈ పొద్దప్పుడు ఏం పనే? ఎవురి చేలో?"

"పని కాదులేవే, ఎవరికో నడుం పట్టేసినట్టుంది."

అప్పుడే వీధి చివర్నించి సువార్తమ్మ వస్తోంది. యాభై ఐదేళ్లుంటాయి. సన్నటి మనిషి, నెత్తిన గడ్డిమోపు. మోపు దించకుండానే అడిగింది. "నా వీధిలో ఇంకోళ్ల కేకేంటి?"

నేను రంగంలోకి దిగా. "అమ్మా, మేం ఢిల్లీ నుంచి, దేశంలోకెల్లా గొప్ప కేకకి బహుమతి ఇవ్వడానికి..."

"ఢిల్లీవోళ్లు తణుకు బండిలో వచ్చారా?" అందావిడ. కారు వెనకద్దం మీద నా కొట్టు పేరు, ఊరితో సహా, ఎర్రక్షరాలతో రాసుంది. వీధంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. లోపలికెళ్లి తలుపేసుకుంది.

అరగంట గుమ్మం బయట కూచున్నాం. హేమ చివరికి తలుపు దగ్గరికెళ్లి, "తప్పు నాదేనమ్మా. మీ వీధి అని తెలిసీ వేరే కేక పెట్టా. ఒక్కటి చూసి, పొమ్మంటే పోతా" అని ఫోన్ లోపలికి చాపింది. అందులో సీను ఉంది, చప్పుడు లేకుండా. చీకటి గదిలో ఒక ఆడమనిషి మొహం, అంతే.

సువార్తమ్మ రెండుసార్లు చూసింది. మమ్మల్ని లోపలికి పిలిచి టీ పెట్టింది. మా వైపు కంటే అల్లం ఎక్కువ, చక్కెర తక్కువ.

"ఇప్పుడొకసారి మెల్లగా వేసెయ్యండి, పెరట్లో. రెండు నిమిషాల్లో మేం వెళ్లిపోతాం" అన్నా.

"పని లేకుండా కేకెయ్యనండి" అంది. "నేను కేకేస్తే నలబై ఇళ్లల్లో పొయ్యెలిగిద్ది. కూలుందని లెగుస్తారు. ఒక్కసారి ఉత్తికేక ఏశాననుకో, రేపు పిలిస్తే ఎవురొస్తారు?"

"ఫోన్లున్నాయిగా, ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఫోన్ చేస్తే జొరమంటారండి. కేకేస్తే వీధి మొత్తం ఇంటది, పక్కింటిది ఎల్తంటే చూస్తది. జొరం తగ్గిపోద్ది."

హేమ నవ్వింది. "రేపు పనుందా అమ్మా?"

"పత్తి తియ్యాల. వాన పడకపోతే. తడి పత్తి ఎవురూ తియ్యరు." బయటికి చూశాం. ముక్త్యాల వైపు ఆకాశం నల్లగా ఉంది.

సువార్తమ్మ ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఈయమ్మ మొహం చూస్తే కేక దూరాన్నించి వస్తన్నట్టు తీశారు. అట్టా ఎయ్యం. మొగుడు పోయిన ఇంటి ముందు మేం అసలు నోరెత్తం. ఆ గుమ్మం దాటిందాకా గమ్మునే పోతాం. ఇంక లెగవాలమ్మా అనుకున్న రోజు, సరిగ్గా ఆ గుమ్మం ముందే నిలబడి ఏస్తాం. ఒక్కసారే. ఏసి, నిలబడతాం. రెండోసారి ఏస్తే రెక్క పట్టి లాగినట్టుంటది."

హేమ నోటుబుక్కు మూసేసి ఆవిడ వంక చూస్తుండిపోయింది. "నిలబడి ఏం చేస్తారమ్మా?"

"ఏం చేస్తాం? ఇంటాం. గడియ తీస్తదా లేదా అని."

మళ్లీ తనే చెప్పింది. నాలుగిళ్ల అవతల రత్నం ఉంది. ఎండాకాలంలో భర్త పోయాడు. అప్పట్నించి పనిలోకి రాలేదు. అక్క పంపే గింజలతో నెట్టుకొస్తోంది. ఆ గుమ్మం ముందు కేకెయ్యాలని వారంరోజులుగా అనుకుంటోంది సువార్తమ్మ, రేపు ఎలాగైనా వేద్దామని. "నీ సినిమాలో ఆయమ్మ లెగుస్తది, నువ్వు రాసుకున్నావు కాబట్టి. మా రత్నం లెగుస్తదో లేదో నాకు తెలవదు. నా కేక నువ్వు తీసుకో. దాని మొహం మాత్రం తియ్యొద్దు."

"మొహం నాకొద్దమ్మా" అంది హేమ.

మేం జగ్గయ్యపేట చేరకముందే వాన మొదలైంది. హేమ లాడ్జీ కిటికీ దగ్గర కూచుంది. వాన బాగా పడుతోంది, దాన్ని కూడా రికార్డు చెయ్యలేదు. ఏడుంబావుకి సువార్తమ్మ ఫోన్ చేసింది. పత్తి రైతు వద్దన్నాడు. కానీ తడి నేలలో కలుపు సుళువుగా వస్తుంది కదా, మిరపచేను ఆయన్ని తనే అడిగి ఒప్పించిందట. "నీకోసం కాదమ్మాయ్, నలబై ఇళ్లకోసం. చీకట్నే రండి" అని పెట్టేసింది.

శనివారం తెల్లారుజాము

వాన ఆగింది. చూరుల నుంచి చుక్కలు పడుతున్నాయి. హేమ ఒక గోడ వారగా ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చెయ్యెత్తి నిలబడింది. నేను ఆమె వెనక. సువార్తమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని వీధి మొదట్లోకొచ్చి కేకేసింది.

అది ఎలా ఉందో రాయమంటే నావల్ల కాదు. అందులో మాట లేదు, రాగం లేదు. గొంతులో సన్నగా మొదలై, ఇళ్ల కప్పులెక్కి, అక్కడ ఒక్కసారి విరిగి, రెండు ముక్కలుగా కిందికి దిగింది. లైట్లు వెలిగాయి. క్యారేజీలు, కలుపు పారలు పట్టుకుని ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఆవిడ నాలుగేసి ఇళ్లకొకసారి కేకేస్తూ నడిచి, రత్నం గుమ్మం ముందు ఆగింది. వెనక నలభై మందీ ఆగిపోయారు.

కేకేసింది. నిలబడింది.

ఎవరూ కదల్లేదు. చూరు చుక్క రాలింది. ఎక్కడో కోడి రెక్కలు దులుపుకుంది. జగ్గయ్యపేట రోడ్డు మీద బస్సు గేరు మార్చింది. నాకు గొంతులో దగ్గు లేచింది. దాన్ని మింగా. అది కడుపులోకెళ్లి మళ్లీ పైకొచ్చింది. మళ్లీ మింగా. అరనిమిషం, నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది పుట్టకముందే అనుకుంటా. అప్పుడు లోపల గడియ తీసిన చప్పుడైంది. రత్నం జుట్టు ముడేసుకుని, క్యారేజీ పట్టుకుని వచ్చి, ఎవరి వంకా చూడకుండా ట్రాక్టర్ వైపు నడిచింది. సువార్తమ్మ వెనకే కదిలింది. హేమ చెయ్యి దించింది.

సాయంత్రం హైదరాబాద్‌లో డైరెక్టర్ విన్నాడు. వయొలిన్లు అక్కర్లేదన్నాడు.

ఒట్టు సంగతి

ఇక్కడితో ఆపేశా నిజానికి. అచ్చుకి పంపేముందు హేమకి చదివి వినిపిస్తే, "అమ్మవారి మీద ఒట్టేశావు మావయ్యా" అని ఊరుకుంది. పళ్లు పోయినా ఫరవాలేదు గానీ అమ్మవారితో పెట్టుకోలేను. కాబట్టి ఒప్పుకుంటున్నా. తాళంచెవి నిజం, చెప్పులు నిజం, చెవుల్లో ఈల కూడా ఇంచుమించు నిజమే. నేను నోరు మూసుకున్నానన్నదొక్కటే కల్పించా.

రత్నం గుమ్మం ముందు సువార్తమ్మ కేకేసి ఆగిందా, ఆ కేక నా రొమ్ములో ఎక్కడో తగిలి, నాకు తెలియకుండానే నా నోట్లోంచి "ఆఁ, వస్తన్నా!" అని వచ్చేసింది. ఇంత గొంతుతో. నలభై మంది నా వైపు తిరిగారు. హేమ కళ్లు మూసుకుంది. ఒక్కసారే వెయ్యాల్సిన కేక. రెండోది లేదు.

లోపల్నుంచి చిన్నగా ఏదో వినపడింది. ముందు దగ్గనుకున్నా. నవ్వు. గడియ తీసి రత్నం తల బయటపెట్టి, "ఎవరే ఆ కొత్త కూలీ?" అంది. చేతిలో క్యారేజీ లేదు. ఊరికే చూడ్డానికొచ్చింది. అందరూ తన గుమ్మం ముందే నిలబడి ఉండటం చూసి నవ్వాపేసి లోపలికెళ్లిపోయింది. నేనక్కడ భూమిలోకి కూరుకుపోయా. ఎంతసేపయిందో తెలీదు, మళ్లీ వచ్చింది. క్యారేజీతో, తువ్వాలుతో. నన్ను దాటుతూ, "రా మరి, వస్తానన్నావుగా" అంది.

హేమ హైదరాబాద్ దాకా నాతో మాట్లాడలేదు. తర్వాత తెలిసింది. కేకకి ముందు, వీధి ఖాళీగా ఉన్నప్పుడు, ఆమె ఊరికే అరనిమిషం రికార్డు చేసి ఉంచుకుందట. ఏమీ లేని చోటుకి కూడా దాని చప్పుడంటూ ఒకటుంటుందట. నా అరుపునీ, ఆ తర్వాతి గొడవనీ కోసేసి, ఆ ఖాళీ వీధిని అక్కడ అతికించింది. గడియ మాత్రం రత్నం ఇంటిదే.

సినిమా వస్తే చూడండి. కేక వినపడుతుంది. తర్వాత అరనిమిషం హాల్లో ఎవరూ కదలరు, ఏమీ వినపడదు. ఆ ఏమీ వినపడని చోట ఉన్నది నేనే.